డిసెంబర్ 6న మ్యాచ్, 7న యుద్ధం: ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ చెప్పే సంగతులు

1941 డిసెంబర్ 7, ఆదివారం పొద్దున. హవాయి దీవుల్లోని హొనొలులులో, వైకీకి బీచ్ ఒడ్డునున్న మోవానా హోటల్లో కొందరు కాలేజీ కుర్రాళ్లు టిఫిన్ చేసి టూరిస్టు బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. ముందురోజే మ్యాచ్ ఓడిపోయారు. అయినా ఇవాళ ద్వీపం చూడటానికి వెళ్లాలి. ఇంతలో దూరంగా చప్పుళ్లు, సముద్రంలో అక్కడక్కడా నీళ్లు స్తంభాల్లా పైకి లేవడం. సైన్యం ఏదో ప్రాక్టీసు చేస్తోందనుకున్నారు. బస్సు మాత్రం ఎంతకీ రాలేదు.

అవి ప్రాక్టీసు చప్పుళ్లు కావు. అక్కడికి పదిమైళ్ల దూరంలో ఉన్న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద 7 గంటల 55 నిమిషాలకు జపాన్ విమానాలు దాడి మొదలుపెట్టాయి. రెండు గంటల్లో 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. ఆ కుర్రాళ్లు విలామెట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు. ఊరు సేలం. తమిళనాడు సేలం కాదు, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్ర రాజధాని. 1842లో మెథడిస్టు మిషనరీలు పెట్టిన చిన్న కాలేజీ అది, గేటు దాటి రోడ్డు దాటితే రాష్ట్ర చట్టసభ భవనమే.

ఈ కథ అమెరికాలో ఎక్కడ చదివినా సాహసగాథలాగే చెబుతారు. ఆటకు వెళ్లిన పిల్లలు యుద్ధంలో ఇరుక్కుని, తుపాకులు పట్టి, క్రిస్మస్ రోజున తిరిగొచ్చారని. అది నిజమే, మనసు కదిలించేదే. కానీ దాన్ని అక్కడితో ఆపేస్తే అసలు అర్థం కావలసిన సంగతి అర్థం కాకుండా పోతుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో అమెరికాలో వందల కాలేజీల ఫుట్‌బాల్ జట్లు మూతపడ్డాయి. అదే సమయంలో పేరు కూడా వినని కొన్ని చిన్న కాలేజీలు పెద్ద పెద్ద జట్లను ఓడించి దేశం దృష్టిలో పడ్డాయి. అదే దేశం, అదే యుద్ధం, దాదాపు అదే సైజు కాలేజీలు. మరి ఒకదానికి అలా, ఇంకొకదానికి ఇలా ఎందుకు జరిగింది? నేను విప్పి చూపించాలనుకుంటున్న ముడి ఇదే. ముందే చెప్పేస్తాను, దానికి కోచ్‌ల తెలివితో గానీ ఆటగాళ్ల దమ్ముతో గానీ పెద్దగా సంబంధం లేదు. యుద్ధం ఆటను ఆపలేదు. ఎవరు ఆడాలో, ఎక్కడ ఆడాలో తేల్చే హక్కును కాలేజీల చేతుల్లోంచి లాక్కుని ప్రభుత్వ ఆఫీసుల చేతిలో పెట్టింది.

ఒక్క నిమిషం, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ, గజం గజం ముందుకు జరుపుకుంటూ వెళ్లే ఆట. జట్టుకు పదకొండు మంది. ఆ రోజుల్లో చాలావరకు ఆ పదకొండు మందే దాడీ చెయ్యాలి, అడ్డుకోవడమూ చెయ్యాలి. అంటే మంచి ఆటగాళ్లు నలుగురు పోతే జట్టు సగం పోయినట్టే. మన ఇళ్లలో క్రికెట్ ఎలాగో అమెరికన్ చిన్న ఊళ్లలో కాలేజీ ఫుట్‌బాల్ అలాగ. శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది.

విలామెట్‌కి 1941 మంచి సీజన్. కోచ్ పేరు రాయ్ కీన్, అందరూ స్పెక్ అని పిలిచేవారు. చుట్టుపక్కల చిన్న కాలేజీల పోటీ అయిన నార్త్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో వాళ్లే విజేతలు. దానికి బహుమానంలా హవాయి నుంచి పిలుపొచ్చింది. అప్పట్లో హవాయి విశ్వవిద్యాలయం ఏటా డిసెంబర్‌లో ప్రధాన భూభాగం నుంచి జట్లను పిలిపించి ఆడేది, అందులో ఒకటి ధర్మకార్యం కోసం ఆడే మ్యాచ్. అదే ట్రిప్పులో శాన్ హోసే స్టేట్ జట్టు కూడా ఉంది. అవును, ఇవాళ మనవాళ్లు ఎంతోమంది ఎమ్మెస్ చేసే శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీయే, అప్పుడది చిన్న ప్రభుత్వ కాలేజీ. రెండు జట్లూ నవంబర్ చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లర్లైన్ అనే ఓడ ఎక్కి అయిదారు రోజులు ప్రయాణం చేసి హొనొలులులో దిగాయి.

డిసెంబర్ 6 శనివారం, ఇరవై వేలమందికి పైగా జనం ముందు హవాయి 20-6 తేడాతో విలామెట్‌ను ఓడించింది. తర్వాతి పది రోజుల్లో శాన్ హోసే స్టేట్ హవాయితో, ఆపైన విలామెట్‌తో ఆడాలని షెడ్యూలు. తిరుగు టిక్కెట్లు, హోటలు, విహారయాత్ర అన్నీ ఏర్పాటయ్యే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నానికల్లా ద్వీపాల్లో సైనిక పాలన ప్రకటించారు. రాత్రి దీపాలు వెలిగించకూడదు. జపాన్ సైన్యం ఏ క్షణంలోనైనా ఒడ్డుకు దిగుతుందని అందరికీ భయం, ఎందుకంటే విమానాలు వచ్చాక వెనకే ఓడలు రావడం యుద్ధంలో మామూలే. ఆరోగ్యంగా, కండపుష్టితో, చేతిలో పనేమీ లేకుండా ఉన్న కుర్రాళ్లు రెండు జట్ల మంది హోటల్లో ఉన్నారు. సైన్యం వాళ్లను వదులుతుందా? శాన్ హోసే వాళ్లు హొనొలులు పోలీసులకు సాయంగా గస్తీకి వెళ్లారు. విలామెట్ వాళ్లు బీచ్‌లో ముళ్లకంచె వేశారు, కందకాలు తవ్వారు, ఆ తర్వాత పునహో స్కూలుకు కాపలా వెళ్లారు. తర్వాతి కాలంలో ఒబామా చదివింది ఈ పునహోలోనే. దాడి జరిగిన రాత్రి తెల్లవారేలోపే సైనిక ఇంజనీర్లు వచ్చి ఆ స్కూలు ఆవరణను స్వాధీనం చేసుకున్నారు.

ఆ కాపలా ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. చేతికిచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత రైఫిల్. కొందరికి అసలు తుపాకీ పట్టుకోవడమే మొదటిసారి. ఊరంతా చీకటి. ద్వీపమంతా అందరూ ఎంత టెన్షన్‌లో ఉన్నారంటే, నీడ కదిలినా కాల్చేసే పరిస్థితి. ఇరవై ఏళ్ల కుర్రాడు, మొన్న శనివారం జెర్సీ వేసుకుని బంతి వెంట పరిగెత్తినవాడు, ఇప్పుడు ఒక స్కూలు గోడ పక్కన నిలబడి చెట్టుకొమ్మ కదిలితే అది మనిషా కాదా అని ఒక్క సెకనులో తేల్చుకోవాలి. జట్టుతో పాటు వచ్చిన ఆడవాళ్లు ఆసుపత్రుల్లో గాయపడినవాళ్లకు సాయం చేశారు. అక్కడ సేలంలో తల్లిదండ్రులకు రోజుల తరబడి సరైన కబురు లేదు.

తిరిగి రావడం కూడా ఓ కథే. వాళ్లను తెచ్చిన లర్లైన్ డిసెంబర్ 5నే బయల్దేరి వెళ్లిపోయింది. దొరికింది ప్రెసిడెంట్ కూలిడ్జ్ అనే ఓడ. అందులో పెర్ల్ హార్బర్‌లో తీవ్రంగా గాయపడి కాలిపోయిన నావికులను ప్రధాన భూభాగానికి తరలిస్తున్నారు. నర్సులు చాలరు, మోసేవాళ్లు చాలరు. మా కుర్రాళ్లు చూసుకుంటారని కీన్ ఒప్పుకున్నాడు, అలా చోటు దొరికింది. జట్టుతో వచ్చిన ప్రయాణికుల్లో ఒరెగాన్ రాష్ట్ర సెనేటర్ డగ్లస్ మెకే కూడా ఉన్నాడు. ఆయన తర్వాత ఆ రాష్ట్ర గవర్నర్ అయ్యాడు. డిసెంబర్ 19న ఓడ కదిలింది. జలాంతర్గాములు గురిపెట్టకుండా అటూ ఇటూ వంకరగా తిప్పుతూ నడిపారు. పగలు ఆటగాళ్లు గాయపడినవాళ్లకు అన్నం తినిపించేవాళ్లు, పక్కన కూర్చునేవాళ్లు. టార్పెడో తగిలితే తమకు అప్పగించిన మనిషిని లైఫ్‌బోటు దాకా మోసుకెళ్లాలి, అదీ వాళ్ల బాధ్యత. డిసెంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు.

శాన్ హోసే జట్టులో కొందరు ఆ ఓడ ఎక్కలేదు, హొనొలులు పోలీసుశాఖలో ఉద్యోగానికి ఉండిపోయారు. విలామెట్ జట్టులో దాదాపు అందరూ తర్వాత సైన్యంలో చేరారు, ఒకరు తిరిగి రాలేదు.

సాధారణంగా కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ మైదానంలో ఉన్నది విలామెట్ ఒక్కటే కాదు, ఎదుటి పక్షం కూడా ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో సైనిక శిక్షణ తీసుకుంటున్న విద్యార్థులను, మన ఎన్‌సీసీ లాంటిదనుకోండి, ఆ ఆదివారమే పిలిపించి హవాయి టెరిటోరియల్ గార్డ్ అనే దళంలో చేర్చి తుపాకులిచ్చారు. వాళ్లలో చాలామంది జపనీస్ కుటుంబాల పిల్లలు, పుట్టింది పెరిగింది అమెరికా జెండా కిందే. ఆరు వారాలు కాపలా కాశాక 1942 జనవరిలో ఒక రోజు వాళ్లందరినీ దళం నుంచి తీసేశారు. కారణం వాళ్ల రక్తం, అంతే. ఆ పిల్లలు ఇళ్లకు పోయి కూర్చోలేదు. తుపాకీ ఇవ్వకపోతే పార, గునపం ఇవ్వండని అర్జీ పెట్టుకున్నారు. 169 మంది వర్సిటీ విక్టరీ వాలంటీర్స్ అనే పేరుతో రోడ్లు వేశారు, రాళ్లు కొట్టారు, కంచెలు కట్టారు. మరుసటి ఏడాది ప్రభుత్వం జపనీస్ అమెరికన్లతోనే 442వ దళాన్ని ఏర్పాటు చెయ్యడానికి వీళ్ల పట్టుదల కూడా ఒక కారణం. తుపాకీ పట్టడం రాని విలామెట్ కుర్రాడికి తుపాకీ ఇచ్చి, పట్టడం వచ్చిన హవాయి కుర్రాడి చేతిలోంచి లాక్కున్నారన్న సంగతి ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివితే గానీ కనిపించదు.

సేలంకి నలభై మైళ్ల లోపే కోర్వాలిస్ ఊరుంది. అక్కడి ఒరెగాన్ స్టేట్ కాలేజీ జట్టు అదే ఏడాది దేశంలోకెల్లా ప్రతిష్ఠాత్మకమైన రోజ్ బౌల్‌కి ఎంపికైంది. ఏటా జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగే మ్యాచ్ అది. పశ్చిమ తీరంలో అంత జనం ఒకచోట చేరితే ప్రమాదమని సైన్యం అభ్యంతరం చెప్పింది. దాంతో మ్యాచ్‌ను ఏకంగా దేశానికి ఆ చివరనున్న నార్త్ కరోలైనాలోని డరమ్‌కి, ప్రత్యర్థి డ్యూక్ విశ్వవిద్యాలయం సొంత మైదానానికి మార్చారు. ఒరెగాన్ స్టేట్ 20-16తో గెలిచింది. ఆ జట్టులో ఉన్న జాక్ యోషిహారా మాత్రం ఆ రైలు ఎక్కలేదు. ప్రాక్టీసు జరుగుతుంటే ఎఫ్‌బీఐ మనుషులు మైదానానికే వచ్చి అతను ప్రయాణం చెయ్యకూడదన్నారు. తల్లిదండ్రులది జపాన్. కొన్ని నెలలకే లక్షా ఇరవై వేలమంది జపనీస్ అమెరికన్లతో పాటు అతన్నీ శిబిరానికి పంపారు, ఐడహోలోని మినిడోకాకి. ఎవరు ఆడాలో తేల్చే హక్కు కాలేజీ చేతిలోంచి పోయిందని మొదట్లో అన్నానే, దానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు ముడి దగ్గరకొద్దాం. మొదటి పోగు వయసు. అమెరికాలో తప్పనిసరి సైనిక సేవ, వాళ్ల మాటల్లో డ్రాఫ్ట్, 1940 సెప్టెంబర్‌లోనే వచ్చింది, అప్పటికి యుద్ధంలో దిగలేదు కూడా. కానీ అది 21 ఏళ్లు నిండినవాళ్లకు. కాలేజీ ఆటగాళ్లు మామూలుగా 18 నుంచి 22 మధ్య ఉంటారు కాబట్టి 1941 సీజన్‌కి పెద్ద దెబ్బ తగల్లేదు. పెర్ల్ హార్బర్ జరిగిన రెండు వారాల్లోపే దాన్ని 20కి దించారు. 1942 నవంబర్‌లో 18కి దించారు. ఈ చివరి మార్పే చిన్న కాలేజీల నడుం విరిచింది. అది కూడా సీజన్ దాదాపు అయిపోయాక వచ్చింది కాబట్టి 1942లో జట్లు ఎలాగో నడిచాయి. అసలు ఖాళీ 1943లో కనబడింది. శాన్ హోసే స్టేట్ 1943 నుంచి 1945 దాకా జట్టునే దించలేదు. హవాయి విశ్వవిద్యాలయమూ యుద్ధం అయ్యేదాకా ఆపేసింది. చిన్నవే అనుకోకండి, ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే అలబామా కూడా 1943లో ఆడలేదు.

వయసు ఒక్కటే కారణమైతే అందరూ సమానంగా మునిగిపోయి ఉండాలి. అలా జరగలేదు. కారణం రెండో పోగు, చాలామంది పట్టించుకోనిది కూడా ఇదే: సైన్యానికీ నావికాదళానికీ ఆట గురించి అభిప్రాయం ఒకటి కాదు.

రెండింటికీ చదువుకున్న ఆఫీసర్లు కావాలి. రెండూ కుర్రాళ్లను యూనిఫాం వేయించి కాలేజీల్లోనే చదివించే పథకాలు పెట్టాయి. సైన్యం పథకంలో వారానికి 59 గంటల కార్యక్రమం, అందులో తరగతులు, చదువు, సైనిక శిక్షణ, వ్యాయామం అన్నీ లెక్కకట్టి ఉంటాయి. ఫుట్‌బాల్‌కి టైం లేదు పొమ్మన్నారు. ఆ పథకంలో ఉన్నవాడు వేరే కాలేజీతో జరిగే పోటీలో ఆడకూడదు. నావికాదళం వీ-12 అనే పథకాన్ని 1943 జులై 1న 131 కాలేజీల్లో మొదలుపెట్టింది. వాళ్లూ తక్కువ తినలేదు, 17 క్రెడిట్ల చదువు, వారానికి తొమ్మిదిన్నర గంటల వ్యాయామం, నెలకు 50 డాలర్ల జీతం. కానీ చదువు దెబ్బతినకపోతే కాలేజీ జట్టులో ఆడుకోవచ్చన్నారు. నావికాదళంలో టామ్ హామిల్టన్ లాంటి ఆఫీసర్లు ఫుట్‌బాల్ యుద్ధానికి మనిషిని సిద్ధం చేస్తుందని గట్టిగా నమ్మేవారు.

ఈ ఒక్క తేడాతో దేశమంతా జట్ల బలాబలాలు తారుమారయ్యాయి. ఎలాగో చూడండి. ఒక కుర్రాడు మెరైన్స్‌లో చేరాడు, అది నావికాదళం కిందే ఉంటుంది. అతను చదివే కాలేజీలో వీ-12 లేకపోతే, ఉన్న కాలేజీకి పంపిస్తారు. ఏ కాలేజీకి అన్నది అతని ఇష్టం కాదు, ఆర్డరు. అతని వెంట అతని ఆటా అక్కడికే పోతుంది. ఇలినోయ్ జట్టులో 1942లో అదరగొట్టిన అలెక్స్ అగేసి 1943లో ఇలినోయ్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన పర్డ్యూకి ఆడాడు, ఎందుకంటే మెరైన్స్ అతన్ని అక్కడికి పంపారు. ఆ ఏడాది పర్డ్యూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. యుద్ధం అయ్యాక 1946లో అగేసి మళ్లీ ఇలినోయ్‌కి ఆడాడు. ఇవాళ ఐపీఎల్ వేలంలో ఆటగాళ్లు జట్లు మారడం చూస్తున్నాం, కానీ అక్కడ వేలమూ లేదు, డబ్బూ లేదు, ఒక పోస్టింగ్ ఆర్డరు, అంతే.

పెద్ద కాలేజీలకే ఇలా ఉంటే, ఆ ఆర్డర్లు ఒక చిన్న కాలేజీ వైపు తిరిగితే ఏమవుతుందో టెక్సస్‌లో కనిపించింది. ఆస్టిన్‌కి ఉత్తరాన జార్జ్‌టౌన్‌లో సౌత్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడు మన తెలుగువాళ్ల ఇళ్లు ఆ చుట్టుపక్కల ఎన్నో. విలామెట్ లాగే అదీ మెథడిస్టుల చిన్న కాలేజీ. 1943లో దానికి వీ-12 వచ్చింది, దాంతో పాటు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ లాంటి పెద్ద చోట్ల ఆడిన మెరైన్ కుర్రాళ్లు వచ్చారు. ఆ జట్టు వెళ్లి అదే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌ను 14-7తో ఓడించింది. టెక్సస్ ఆ ఏడాది తన కాన్ఫరెన్స్ విజేత, అంటే పడిపోయిన జట్టును కొట్టడం కాదది. తర్వాత సౌత్‌వెస్టర్న్ 1944 జనవరి 1న సన్ బౌల్‌లో న్యూ మెక్సికోని 7-0తో, మరుసటి ఏడాది అదే సన్ బౌల్‌లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయాన్ని 35-0తో ఓడించింది. యుద్ధం అయిపోయింది, మెరైన్లు వెళ్లిపోయారు, 1950 తర్వాత ఆ కాలేజీ ఫుట్‌బాలే మానేసింది. మళ్లీ మొదలుపెట్టింది 2013లో.

కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ ఊళ్లో కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌ది కూడా ఇదే వరస. అక్కడి కోచ్ ఎమోస్ అలొంజో స్టాగ్, వయసు 81. డెబ్బై దాటాక షికాగో విశ్వవిద్యాలయం రిటైరవ్వమంటే ఒప్పుకోక, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి కోచింగ్ కొనసాగించిన మనిషి. 1943లో నావికాదళం కుర్రాళ్లు చేతికొచ్చేసరికి ఆ ముసలాయన జట్టు యూసీఎల్ఏనీ బర్క్‌లీనీ ఓడించింది, ఆయనకు దేశంలో ఆ ఏడాది ఉత్తమ కోచ్ గౌరవం దక్కింది. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. ఆ వయసులో రోజూ మైదానంలో నిలబడటమే గొప్ప. కానీ అంతకుముందు ఏళ్లలోనూ ఆయన అక్కడే ఉన్నాడు, ఆయనకు అంతే ఆట తెలుసు. మారింది కోచ్ కాదు, ఆర్డర్లు.

ఆర్డర్లు ఇచ్చిన చెయ్యే తీసుకుంటుంది కూడా. నావికాదళం క్యాలెండర్‌లో ఫుట్‌బాల్ సీజన్ అంటూ ఏమీ లేదు, శిక్షణలో తర్వాతి దశకు టైం అయితే అక్టోబర్ మధ్యలోనైనా మనిషి కదలాల్సిందే. నోటర్‌డామ్ స్టార్ ఏంజెలో బెర్టెల్లి 1943లో ఆరు మ్యాచ్‌లాడి మెరైన్స్ శిక్షణకు వెళ్లిపోయాడు. ఆ ఆరు మ్యాచ్‌లతోనే దేశంలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. నోటర్‌డామ్ ఆ సీజన్‌లో ఓడింది ఒక్కసారే, అది కూడా కాలేజీ చేతిలో కాదు. గ్రేట్ లేక్స్ నావికా శిక్షణ కేంద్రం జట్టు చివరి నిమిషంలో 19-14తో ఓడించింది. అంటే సైనిక స్థావరాలే సొంత జట్లు పెట్టుకుని కాలేజీలతో ఆడుతున్న రోజులవి.

మూడో పోగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: ప్రయాణం. 1942 డిసెంబర్ నుంచి దేశమంతటా పెట్రోలుకి రేషన్. టైర్లకు రబ్బరు లేదు. రైళ్ల నిండా సైనికులు. దాంతో జట్లు దగ్గర్లో ఎవరు దొరికితే వాళ్లతో ఆడేవి, ఒకే జట్టుతో రెండుసార్లు, పక్కనున్న సైనిక స్థావరంతో ఒకసారి. అంతకుముందు దాకా మొదటి సంవత్సరం విద్యార్థులను చాలాచోట్ల పెద్ద జట్టులోకి రానిచ్చేవారు కాదు. మనుషులు లేకపోయేసరికి ఆ నిబంధన సడలించారు. పద్దెనిమిది నిండనివాళ్లు, వైద్యపరీక్షలో సైన్యం వద్దన్నవాళ్లు, వీళ్లతోనే చాలా జట్లు నడిచాయి. సైన్యానికి పనికిరాడన్న కుర్రాడు ఫుట్‌బాల్ ఎలా ఆడతాడని వింతగా అనిపించొచ్చు. చెవిలో లోపం ఉన్నా, పాత మోకాలి దెబ్బ ఉన్నా సైన్యం వద్దనేది, శనివారం గంటసేపు ఆడటానికి అవి అడ్డు కాకపోవచ్చు.

ఆటలో ఒక మార్పుకు మాత్రం ఆ కాలంలోనే బీజం పడిందని చెప్పాలి. ఒకసారి బయటికొచ్చిన ఆటగాడు వెంటనే లోపలికి వెళ్లకూడదన్న పాత నిబంధనను 1941లో సడలించి, ఎప్పుడైనా ఎవరినైనా మార్చుకోవచ్చన్నారు. తర్వాత మనుషుల కరువులో అందరికీ అది ఊపిరిలా పనికొచ్చింది. 1945లో మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ బలమైన ఆర్మీ జట్టుతో, అంటే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టుతో, ఆడాల్సి వచ్చినప్పుడు, తన దగ్గర ఎక్కువమంది మొదటి సంవత్సరం కుర్రాళ్లే కాబట్టి, దాడికి ఒక పదకొండు మందినీ అడ్డుకోవడానికి వేరే పదకొండు మందినీ దించాడు. ఆ రోజు ఓడిపోయాడు. ఇవాళ అమెరికన్ ఫుట్‌బాల్ అంతా అలాగే ఆడతారు.

ఇంత గొడవలో ఆట ఆడటం అవసరమా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. ఫుట్‌బాల్ ఆడితే మంచి సైనికుడవుతాడన్న వాదన నేను నమ్మను. అదే నిజమైతే సైన్యం తన కుర్రాళ్లను ఎందుకు ఆడనివ్వలేదు? ఆ పథకంలో ఉన్నవాళ్లలో లక్షకు పైగా మందిని 1944లో చదువు మధ్యలో ఆపి యుద్ధరంగానికి పంపేశారు, వాళ్లేమీ ఫుట్‌బాల్ ఆడలేదని తక్కువగా పోరాడలేదు. నాకు నచ్చే కారణం ఇంకా చిన్నది. పద్దెనిమిదేళ్లవాడికి వచ్చే నెల ఎక్కడుంటాడో తెలియదు, ఈ శనివారం మాత్రం ఎక్కడుంటాడో తెలుసు. కాలేజీలకు ఇంకో కారణం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు: విద్యార్థులు పోయి ఫీజులు ఆగిపోయిన చోట నావికాదళం ఇచ్చే డబ్బే ఎన్నో చిన్న కాలేజీలను నిలబెట్టింది. విలామెట్ కూడా ఆ 131లో ఒకటి.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకునేవాళ్లకు ఒక్క మాట. పెర్ల్ హార్బర్ జరిగి నాలుగు నెలలు తిరిగేసరికి, 1942 ఏప్రిల్ 6న, జపాన్ నావికాదళం విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. వాల్తేరులో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆ యుద్ధకాలంలోనే కొంతకాలం గుంటూరుకు తరలించారు. అక్కడి విద్యార్థులకూ ఎక్కడ చదవాలో చెప్పింది యుద్ధమే. ఆ రోజుల్లో మన కాలేజీల పిల్లలు ఏం ఆడారు, ఏ పోటీలు ఆగిపోయాయి, ఎవరు చదువు మధ్యలో వదిలేశారు అన్నది విలామెట్ కథలాగ ఎవరైనా కూర్చుని రాస్తే చదవాలని నాకు చాలా ఉంది. ఆ తరం మనుషులున్న ఇళ్లు ఇంకా కొన్నైనా మిగిలి ఉంటాయి.

విలామెట్ వాళ్లను ఇంటికి చేర్చిన ప్రెసిడెంట్ కూలిడ్జ్ ఓడ 1942 అక్టోబర్ 26న పసిఫిక్‌లో ఎస్పిరిటు సాంటో దీవి దగ్గర అమెరికా వాళ్లే పెట్టిన మందుపాతరలకు తగిలి మునిగిపోయింది. ఇప్పటికీ అక్కడే నీటి అడుగున ఉంది, డైవింగ్ తెలిసినవాళ్లు దిగి చూస్తుంటారు. ఇక 1941 సీజన్ రికార్డు తీసి చూస్తే విలామెట్ పేరు ఎదురుగా చివరి వరుసలో డిసెంబర్ 6, హవాయి, 6-20 అని ఉంటుంది. దాని కింద శాన్ హోసే స్టేట్‌తో ఆడాల్సిన మ్యాచ్ ఒకటి ఉండాలి. ఆ రెండు జట్లూ ఒకే ఓడలో వచ్చాయి, ఒకే ద్వీపంలో పక్కపక్కన కాపలా కాశాయి. మ్యాచ్ మాత్రం ఆడలేదు.